ఐసీఎంఆర్ ప్రాజెక్టు పోస్టుకి వెళ్లాలంటే: నోటిఫికేషన్ చదవడం నుంచి జాయినింగ్ దాకా

ఎమ్మెస్సీలో మైక్రోబయాలజీయో, బయోకెమిస్ట్రీయో, న్యూట్రిషనో పూర్తిచేసి ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్‌కి అప్పుడప్పుడూ ఒక మెసేజ్ వస్తుంటుంది. "హైదరాబాద్ ఎన్‌ఐఎన్‌లో సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగాలు, పరీక్ష లేదు, నెలకి 70 వేలు." పంపేది ఎవరో పిన్నిగారి అబ్బాయో, పాత క్లాస్‌మేటో. అందులో సగం నిజమే ఉంటుంది. మిగతా సగం తెలియాలంటే అసలు నోటిఫికేషన్ తెరిచి చదవాలి. ఆ పని చెయ్యకుండా రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి తార్నాకలో దిగేవాళ్లు చాలామందే ఉంటారు. అలాంటి ప్రయాణం ఒకటి నేనూ చేశాను, వేరే ఊళ్లో. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు పని మొదలుపెడదాం.

మొదటి పని: మీరు తడుతున్నది ఏ తలుపు?

ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధనా మండలి, 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్‌గా మొదలై 1949లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉన్నా, అసలు పని జరిగేది దాని కింద దేశమంతా ఉన్న సంస్థల్లో. మనకి దగ్గరది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి ఒక గదిలో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చేసింది. ప్రయోగ జంతువుల కోసం జీనోమ్ వ్యాలీలో ఇంకో సంస్థ ఉంది. చెన్నైలో క్షయ పరిశోధనా సంస్థ ఎన్‌ఐఆర్‌టీ, ఎపిడెమియాలజీ సంస్థ ఎన్‌ఐఈ ఉన్నాయి. పుణెలో వైరాలజీ సంస్థ ఎన్‌ఐవీ, పుదుచ్చేరిలో దోమల వంటి వాహకాల మీద పనిచేసే వీసీఆర్‌సీ. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, ప్రాజెక్టు పోస్టులకి ఏ సంస్థ నోటిఫికేషన్ ఆ సంస్థే ఇస్తుంది. ఢిల్లీ వెబ్‌సైట్ ఒక్కటే చూస్తూ కూర్చుంటే సగం చేజారిపోతాయి.

పక్కపక్కనే ఉన్నాయి కదా అని హబ్సిగూడ సీసీఎంబీని కూడా ఇదే గాటన కట్టేస్తుంటారు. అది సీఎస్‌ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి) సంస్థ. ఉప్పల్ సీడీఎఫ్‌డీ ఏమో బయోటెక్నాలజీ విభాగం కిందిది. వాటి పోస్టుల పేర్లు, నిబంధనలు వేరు. గాంధీ, ఉస్మానియా లాంటి మెడికల్ కాలేజీల్లో ఉండే వైరాలజీ ల్యాబులకి, అంటే వీఆర్‌డీఎల్‌లకి, డబ్బు ఢిల్లీ నుంచి వచ్చినా మనుషుల్ని తీసుకునేది కాలేజీలే. అందుకని ఆ నోటీసులు కాలేజీ సైట్‌లోనో, నోటీసు బోర్డు మీదో వెతకాలి.

రెండో పని: ఉద్యోగం ఏ రకమో తేల్చుకోండి

మూడు రకాలుంటాయి. పర్మినెంట్‌వి ఒకటి: సైంటిస్ట్-బి (లెవెల్ 10, మూలవేతనం 56,100), టెక్నికల్ అసిస్టెంట్ (లెవెల్ 6, 35,400), టెక్నీషియన్-1, ల్యాబొరేటరీ అటెండెంట్-1. వీటికి రాత పరీక్ష, రిజర్వేషన్ రోస్టర్, పెద్ద పోటీ అన్నీ ఉంటాయి. రోజూ వచ్చే నోటిఫికేషన్లు ఇవి కావు. రెండోది ఫెలోషిప్: జేఆర్‌ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలో) 2023 జనవరి 1 నుంచి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కి (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ చెయ్యాలనుకునేవాళ్ల దారి ఇది.

మూడోది ప్రాజెక్టు పోస్టు. మీ ఫోన్‌కి వచ్చిన మెసేజ్ ఎక్కువగా దీని గురించే. పేర్లు చూడగానే తికమకగా ఉంటాయి గానీ లెక్క సులువే. ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్-1, 2, 3 అని ఒక వరస, ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్-1, 2, 3 అని ఇంకో వరస. మొదటి వరసలో జీతం 18,000, 20,000, 28,000. రెండో వరసలో నాన్-మెడికల్ వాళ్లకి 56,000, 67,000, 78,000. అన్నింటికీ హెచ్‌ఆర్‌ఏ అదనం.

మెసేజ్‌లోని 70 వేల గుట్టు ఈ హెచ్‌ఆర్‌ఏలోనే ఉంది. హెచ్‌ఆర్‌ఏ కోసం ఊళ్లని ఎక్స్, వై, జెడ్ అని మూడు క్లాసులుగా విడదీస్తారు. హైదరాబాద్ ఎక్స్ క్లాస్ నగరం కాబట్టి 30 శాతం పడుతుంది. సైంటిస్ట్-1కి 56,000 మీద 16,800 కలిస్తే 72,800. ఆ అంకె నిజమే. కానీ ఆ నోటిఫికేషన్‌లోనే సైంటిస్ట్ పోస్టు ఒకటుంటే, టెక్నికల్ సపోర్ట్ పోస్టులు ఎనిమిది ఉండొచ్చు. టెక్నికల్ సపోర్ట్-3కి 28,000 మీద 8,400 కలిపి 36,400. అదే పోస్టింగ్ విజయవాడలోనో, గుంటూరులోనో, వరంగల్‌లోనో అయితే వై క్లాస్ లెక్కన 20 శాతమే, మొత్తం 33,600. మండల కేంద్రంలో ఫీల్డ్ పోస్టయితే 10 శాతం. కాబట్టి మెసేజ్‌లో అంకె కన్నా "ప్లేస్ ఆఫ్ పోస్టింగ్" అనే గడి ముందు చూడండి.

ఇంట్లోవాళ్లతో కూడా ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ప్రాజెక్టు పోస్టు సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం కాదు. ప్రాజెక్టు ఎన్నాళ్లుంటే అన్నాళ్లే. చాలావరకు మొదట ఏడాదికి, లేదా అంతకన్నా తక్కువకి ఆర్డర్ ఇచ్చి, పని బాగుంటే పొడిగిస్తారు. పీఎఫ్, ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ ఖర్చు), వైద్య ఖర్చుల వాపసు లాంటివి ఉండవని, పర్మినెంట్ చెయ్యమని అడిగే హక్కు లేదని నోటిఫికేషన్ చివర షరతుల్లో రాసే ఉంటుంది. సంబంధాలు చూసే పెద్దవాళ్లకి "సెంట్రల్ జాబ్" అని చెప్పేసి తర్వాత నీళ్లు నమలడం కన్నా ఇది తేలిక. మరి అయినా వెళ్లాలా అంటే, వెళ్లమనే అంటాను. బయట చిన్న ల్యాబులో రెండేళ్లలో చేతికి రాని పని ఇక్కడ ఆరు నెలల్లో వస్తుంది. సైంటిస్ట్-బి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి నాలుగు మాటలు కూడా ఇక్కడే దొరుకుతాయి.

మూడో పని: నోటిఫికేషన్‌ని గీతలు గీసుకుంటూ చదవండి

ముందు అది అసలుదో కాదో చూడండి. గ్రూపులో తిరిగే పీడీఎఫ్ కాదు, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో రిక్రూట్‌మెంట్ పేజీలో ఉన్న పీడీఎఫే నమ్మాలి. పీడీఎఫ్ పైన ఫైల్ నంబర్, తేదీ ఉంటాయి. ఎవరి సొంత ఖాతాకో, యూపీఐ నంబర్‌కో "రిజిస్ట్రేషన్ ఫీజు" పంపమన్నారంటే అది మోసం. అందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

తర్వాత ప్రింట్ తీసుకుని పెన్ను పట్టుకోండి. ఫోన్‌లో చదివితే కళ్లు జీతం దగ్గరే ఆగిపోతాయి.

అర్హత గడిలో ఒక్కో మాటకీ విలువుంది. ఉదాహరణకి టెక్నికల్ సపోర్ట్-3కి మామూలుగా అడిగేది ఇలా ఉంటుంది: సంబంధిత సబ్జెక్టులో మూడేళ్ల డిగ్రీ, దాని తర్వాత మూడేళ్ల అనుభవం, లేదా సంబంధిత సబ్జెక్టులో పీజీ. "లేదా" కింద గీత గీయండి. పీజీ ఉన్నవాళ్లు అనుభవం లేదని అనవసరంగా వెనక్కి తగ్గుతుంటారు. సైంటిస్ట్-1కి ఫస్ట్ క్లాస్ పీజీ, లేదా సెకండ్ క్లాస్ పీజీతో పాటు పీహెచ్‌డీ అడుగుతారు. మీది 59.6 శాతం అయితే దాన్ని 60 చేసి రాయకండి. బల్ల దగ్గర మెమో చూసేవాళ్లు కాలిక్యులేటర్ పక్కనే పెట్టుకుంటారు.

సీజీపీఏ వాళ్లకి ఇంకో చిక్కు. 7.2 అంటే ఎంత శాతమో ప్రతి యూనివర్సిటీకీ ఒక సూత్రం ఉంటుంది. కొన్ని మెమోల వెనకే అచ్చువేస్తారు, కొన్ని వెయ్యవు. వెయ్యకపోతే యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి కన్వర్షన్ లెటర్ తెచ్చుకోండి. నోటిఫికేషన్ వచ్చాక తిరిగితే దొరకదు, తీరిగ్గా ఉన్నప్పుడే తెచ్చిపెట్టుకోవాలి.

"పోస్ట్ క్వాలిఫికేషన్ ఎక్స్‌పీరియన్స్" అన్నచోట మళ్లీ ఆగండి. డిగ్రీ చదువుతూ పార్ట్ టైంగా డయాగ్నొస్టిక్ సెంటర్‌లో చేసింది లెక్కలోకి రాదు. డిగ్రీ పాసైన తర్వాత నుంచే లెక్క. ఆఖరి సెమిస్టర్‌లో చేసిన డిసర్టేషన్ కూడా చదువులో భాగమే, అనుభవం కాదు. వయసు కూడా ఏ తేదీకి లెక్కేస్తారో చూడండి. వాక్-ఇన్ (కాగితాలతో నేరుగా హాజరయ్యే ఎంపిక) తేదీకా, దరఖాస్తు చివరి తేదీకా అన్నదాని మీద ఒక్కోసారి నెల రోజుల తేడా వస్తుంది. టెక్నికల్ సపోర్ట్-1కి 28, 2కి 30, 3కి 35, సైంటిస్ట్-1కి 35 ఏళ్లు మామూలు పరిమితి. ఎస్సీ, ఎస్టీలకి 5, ఓబీసీలకి 3 ఏళ్ల సడలింపు.

ఆఖరున "డిజైరబుల్", అంటే తప్పనిసరి కాకపోయినా ఉంటే మంచిదనే అర్హతల గడి. దీన్ని చాలామంది వదిలేస్తారు గానీ నా దృష్టిలో నోటిఫికేషన్ గుండెకాయ అదే. "ఇళ్లకి వెళ్లి ఆహార సర్వే చేసిన అనుభవం, తెలుగు మాట్లాడటం, ప్రయాణానికి సిద్ధంగా ఉండటం" అని ఉందంటే, నెలలో ఎక్కువ రోజులు ఊళ్ల మీదే అని అర్థం. "ఎలైసా, సెల్ కల్చర్" అంటే ల్యాబ్. "రెడ్‌క్యాప్, ఆర్" అంటే కంప్యూటర్ ముందు. పైన ప్రాజెక్టు పేరు కూడా చదివి, ఈ మూడింటిలో మీ రోజు ఎక్కడ గడుస్తుందో ఒక వాక్యంలో మీకు మీరు చెప్పుకోండి. చెప్పుకోలేకపోతే ఇంకోసారి చదవండి.

నాలుగో పని: కాగితాలు

ఇందాక చెప్తానన్న నా ప్రయాణం సంగతి ఇది. మూడేళ్లు ఒక ల్యాబులో పనిచేశాను. అక్కడి సార్ మంచివాడు, అడగ్గానే లెటర్‌హెడ్ మీద "సుమారు మూడేళ్లు మా దగ్గర నమ్మకంగా పనిచేశాడు" అని రాసి సంతకం పెట్టిచ్చాడు. వాక్-ఇన్‌లో కాగితాలు చూసే ఆయన ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, "సుమారు అంటే ఎంత బాబూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. చేరిన తేదీ లేదు, మానేసిన తేదీ లేదు, హోదా లేదు. రాత పరీక్ష గదిలోకి కూడా వెళ్లకుండానే తిరుగు బస్సెక్కాను. తప్పు కాగితాలు చూసినాయనది కాదు.

కాబట్టి అనుభవ పత్రంలో ఇవి ఉండాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, హోదా, చేసిన పని రెండు వాక్యాల్లో, సంతకం, ముద్ర. అపాయింట్‌మెంట్ ఆర్డర్ దీనికి బదులు కాదు. మీరు చేరారని అది చెప్తుందే గానీ ఎన్నాళ్లున్నారో చెప్పదు.

మన దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది కుల ధ్రువీకరణ పత్రం దగ్గర. మీసేవలో తీసుకున్న బీసీ-బి, బీసీ-డి సర్టిఫికెట్ రాష్ట్ర ఉద్యోగాలకి. ఇక్కడ కావాల్సింది కేంద్ర నమూనాలో, నాన్-క్రీమీ లేయర్ అని రాసిన ఓబీసీ సర్టిఫికెట్. దీనికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. అంతకన్నా ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా చూడండి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానికి అడిగారో అదే ఉండాలి. మార్చిలో తీసుకున్నది ఏప్రిల్‌లో పనికిరాకపోవచ్చు.

పేరు గొడవ ఇంకోటి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు, ఆధార్‌లో పూర్తిగా వెనక, డిగ్రీ మెమోలో అసలు లేకుండా. దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే రాయండి, పుట్టిన తేదీకి కూడా ప్రమాణం అదే. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు దానికి సంబంధించిన కాగితం కూడా పెట్టుకోవాలి.

మిగతావి అందరికీ తెలిసినవే: మార్కుల మెమోలు, ప్రొవిజనల్ లేదా డిగ్రీ పట్టా, ఫొటోలు, గుర్తింపు కార్డు. ఒరిజినల్స్ ఒక ఫైల్లో, సొంత సంతకం పెట్టిన జిరాక్స్‌లు రెండు సెట్లు. ఈ-మెయిల్‌లో పంపమన్నప్పుడు అన్నీ ఒకే పీడీఎఫ్‌గా, నోటిఫికేషన్‌లో రాసిన వరసలోనే పెట్టి, సబ్జెక్టు లైన్‌లో పోస్టు పేరు, ప్రాజెక్టు పేరు రాయండి. ఫోన్ కెమెరాతో వంకరగా తీసిన పద్నాలుగు ఫొటోలు పంపితే అవతల ఎవరూ తెరవరు.

ఐదో పని: చదవాల్సింది

రాత పరీక్షకి సబ్జెక్టు ఎలాగూ చదువుతారు. ఇంటర్వ్యూలో మాత్రం ఈ పని మీ చేత్తో చెయ్యగలరా లేదా అన్నదే చూస్తారు. పోషకాహార సర్వే పోస్టునే తీసుకుందాం. "నిన్న ఏం తిన్నావమ్మా?" అని ఒక గృహిణిని అడిగి రాసుకోవడాన్ని 24 గంటల ఆహార జ్ఞాపక పద్ధతి అంటారు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. బోర్డు మీద ఒక ప్రశ్న పడుతుంది: ఇంట్లో 150 గ్రాముల కందిపప్పు వండారు. ఉడికాక మొత్తం 900 మిల్లీలీటర్ల పప్పయింది. కోడలు అందులో 180 మిల్లీలీటర్లు తింది. ఆమెకి పచ్చి పప్పు ఎంత అందింది?

150ని 180తో గుణించి 900తో భాగిస్తే 30 గ్రాములు. లెక్క మూడో తరగతిది. అయినా ఇక్కడే పప్పులో కాలేస్తారు, ఎందుకంటే పోషకాల పట్టికలు ఎక్కువగా పచ్చి దినుసు బరువుకే ఉంటాయని తట్టదు. 180 గ్రాముల పప్పు తిందని ప్రొటీన్ లెక్క కట్టేస్తారు. ఇంటికెళ్లి ఇవాళ్టి కూరతో ఒకసారి నిజంగా చేసి చూడండి. వండేముందు తూచండి, వండాక కొలిచిన గిన్నెతో కొలవండి, ఒక్కొక్కరి కంచంలో ఎంత పడిందో రాయండి. మీ అమ్మగారు విసుక్కుంటారు. సర్వేలో ఇల్లాళ్లూ అలాగే విసుక్కుంటారు, ఆ అనుభవం కూడా అవసరమే. ఆ పట్టికలు ఎన్‌ఐఎన్ 2017లో 528 ఆహార పదార్థాలతో కొత్తగా వేసింది. 2024 మేలో అదే సంస్థ 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. ఎన్‌ఐఎన్‌కి వెళ్తూ ఈ రెండూ తిరగెయ్యకుండా వెళ్లడం పెళ్లికెళ్తూ పెళ్లికొడుకు పేరు తెలుసుకోకపోవడం లాంటిది.

ఇంకొన్ని నోటికి వచ్చి ఉండాలి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో మధ్య భుజం చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం. గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకి 11 గ్రాములకి తగ్గితే రక్తహీనత, గర్భం లేని ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13. బిడ్డ ఎత్తుని నిలబెట్టి ఎప్పుడు కొలుస్తారు, పడుకోబెట్టి ఎప్పుడు కొలుస్తారు? రెండేళ్ల లోపు పడుకోబెట్టి.

ల్యాబు పోస్టయితే చేసిన పరీక్షని మొదటి నుంచి చివరి దాకా చెప్పమంటారు. "ఎలైసా చేశాను" అని ఆగిపోతే లాభం లేదు. బ్లాంక్ ఎందుకు పెట్టారు, వాష్ సరిగ్గా చెయ్యకపోతే రీడింగ్ ఎటు పోతుంది, కంట్రోల్ తప్పితే ప్లేటుని ఏం చేశారు? ఒకసారి తప్పిపోయిన ప్రయోగం గురించి దాచకుండా చెప్పినవాళ్లే బోర్డుకి గుర్తుండిపోతారు.

నైతిక నియమాల మీద ప్రశ్న ఏ పోస్టుకైనా తప్పదనుకోండి. ఐసీఎంఆర్ 2017 జాతీయ మార్గదర్శకాల్లో సమ్మతి పత్రం గురించిన అధ్యాయం చదవండి. చదవడం రాని మనిషి దగ్గర సమ్మతి ఎలా తీసుకుంటారు? పత్రాన్ని ఆ మనిషి భాషలో చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, పరిశోధన బృందానికి సంబంధం లేని సాక్షి చేత సంతకం చేయించాలి. వచ్చిన ఆశా కార్యకర్త మన బృందంలోనే పనిచేస్తుంటే ఆమె సాక్షి కాలేదు. ఈ చివరి ముక్క చెప్పగలిగితే పుస్తకమే కాదు, పని కూడా తెలుసని అర్థమవుతుంది.

చేతిలో రెండు మూడు నెలలుంటే, చెన్నై ఎన్‌ఐఈ నడిపే ఆన్‌లైన్ కోర్సు హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్‌లో చేరండి. పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. బయోడేటాలో "కష్టపడే తత్వం" అని రాసుకున్న వరస కొట్టేసి అక్కడ దీన్ని పెట్టండి.

ఒక పక్కమాట. ఐసీఎంఆర్‌కి 1979 నుంచి 1986 దాకా డైరెక్టర్ జనరల్‌గా చేసిన వులిమిరి రామలింగస్వామి మన శ్రీకాకుళంలో పుట్టినవారే. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గాయిటర్ (గొంతు దగ్గర వాపు) తగ్గుతుందని ఊళ్ల మీద పడి చూపించిన బృందాన్ని నడిపింది ఆయనే. ఫీల్డ్ పోస్టంటే చిన్నచూపు ఉన్నవాళ్లకి నేను ఈ సంగతి చెప్తుంటాను.

ఆరో పని: వాక్-ఇన్ రోజు

రిపోర్టింగ్ 9 నుంచి 10 అంటే 10 గంటల 5 నిమిషాలకి గేటు దగ్గరే ఆపేస్తారు. దూరం నుంచి వచ్చేవాళ్లు ముందురోజే చేరుకోవాలి. ప్రయాణ ఖర్చులు ఇవ్వరు. ముందు కాగితాల పరిశీలన, మనుషులు ఎక్కువగా ఉంటే రాత పరీక్ష, అందులో నిలిచినవాళ్లకి ఇంటర్వ్యూ. సాయంత్రం ఆరయినా అవుతుంది, కొన్నిసార్లు మర్నాటికి రమ్మంటారు కూడా. కాబట్టి తిరుగు టికెట్ అదే రాత్రికి బుక్ చెయ్యకండి. తిండి డబ్బా, నీళ్లు, నల్ల పెన్ను, నోటిఫికేషన్ ప్రింట్ దగ్గర పెట్టుకోండి.

లోపల "ఊళ్లు తిరగాలి, తిరుగుతావా?" అని అడుగుతారు. తిరగలేకపోతే అక్కడే చెప్పండి. చేరిన రెండో నెలలో ఇంట్లో ఒప్పుకోవట్లేదని మానేస్తే ఆ బృందం మళ్లీ నోటిఫికేషన్ నుంచి మొదలుపెట్టాలి. ఇంగ్లిష్ తడబడితే తెలుగులో చెప్పవచ్చా అని అడగడంలో నామోషీ ఏమీ లేదు, ముఖ్యంగా తెలుగు ఊళ్లలో పనికి.

చేరేటప్పుడు, చేరాక

ఫలితం సంస్థ వెబ్‌సైట్‌లో పెడతారు, ఎంపికైనవాళ్లకి మెయిల్ వస్తుంది. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు మీదైతే ఆశ వదులుకోకండి, మెయిల్ రోజూ చూస్తుండండి. పైవాళ్లు చేరకపోవడం ఇక్కడ మామూలే. ఆర్డర్‌లో మూడు చూసుకోండి: ఏ తేదీ దాకా, పోస్టింగ్ ఎక్కడ, మానెయ్యాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి.

చేరిన రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ నెలలో ఏ ఊరు, ఎన్ని ఇళ్లు, ఎన్ని శాంపిళ్లు, ఏ పరికరం మీద. తర్వాతి ఇంటర్వ్యూకి బయోడేటా రాసేటప్పుడు ఆ అంకెలే అక్కరకొస్తాయి. ప్రాజెక్టు ఆఖరి నెలలో, ప్రధాన పరిశోధకులు ఇంకో సంస్థకి బదిలీ కాకముందే, ఆ నోటుబుక్కు పట్టుకెళ్లి అనుభవ పత్రం రాయించుకోండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని స్పష్టంగా ఉందో లేదో అక్కడే నిలబడి చదువుకోండి. "సుమారు" అన్న మాట కనపడితే వినయంగా కొట్టేయించండి.